అప్పీలు చేయుట అవిశ్వాసమా?



శింగనమలలో ఒక గృహ ప్రార్థన ముగిసిన తరువాత, ఒక తల్లి కాగితాల సంచి తెచ్చి మా ముందుంచినది. ఆమె కుమారుడు సైన్యములో చేరిననాడు ఆరోగ్యవంతుడే. కొన్నేండ్లకు మూర్ఛ వచ్చినది. ఇంటికి పంపివేసిరి. ఆ జబ్బుకు ఉద్యోగము కారణము కాదని పెన్షను నిరాకరించిరి. "అప్పీలు చేస్తే దేవుని మీద సణిగినట్టు కాదా అయ్యగారూ?" అని ఆమె అడిగినది.

మేము పౌలును జ్ఞాపకము చేసితిమి. అపొస్తలుల కార్యములు 25వ అధ్యాయములో ఆయన తన హక్కును వాడుకొని కైసరు ఎదుట విచారణ కోరెను. అది అవిశ్వాసము కాదు.

ధరమ్‌వీర్ సింగ్ అను సిపాయి 1985లో సైన్యములో చేరి, మూర్ఛ వలననే 1994లో పంపివేయబడెను. 2013లో సుప్రీంకోర్టు అతనికి పెన్షను ఇమ్మని తీర్పు చెప్పినది. చేరిననాడు జబ్బు నమోదు కానియెడల అది సేవలో కలిగినదనియే భావించవలెననియు, కాదని రుజువు చేయు భారము అధికారులదేననియు చెప్పినది. అయితే 2023లో కొత్త నియమములు వచ్చినవి గనుక, విడుదలైన తేదీకి ఏవి వర్తించునో తెలిసికొనవలెను.

మెడికల్ బోర్డు నివేదికను, తిరస్కరణ ఉత్తరమును భద్రపరచండి. అనంతపురములోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయములో సలహా అడగండి. గడువు దాటకముందే సైన్యాధికారులకు అప్పీలు పంపండి. అక్కడ న్యాయము దొరకనియెడల, 2007 చట్టము ద్వారా ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉన్నది.

సంఘమా, ఆ యువకుని రోగియని దూరముంచకుము. మనము మోకాళ్లూనుదము, అతని దరఖాస్తు కూడ వ్రాయించుదము. ప్రభువు మీ గృహములను దీవించును గాక!