అమ్మ నోరు విప్పిన తోట

అమ్మ కాకినాడ నుంచి మారిషస్ వచ్చి నెల దాటింది. చుట్టూ సముద్రమే కాబట్టి వారం వారం బీచ్‌కి తీసుకెళ్లాం. "సముద్రం మనకీ ఉంది కదే" అని గొడుగు కింద కూర్చునేది. ఇంట్లో మాట్లాడే మనిషి లేక, రిటర్న్ టికెట్ ముందుకు జరపమని రెండుసార్లు అడిగింది. అమ్మనో అత్తగారినో పిలిపించుకున్నవాళ్లకి ఈ మాట కొత్త కాదు.

పోయిన శనివారం పాంప్లెమూస్ తోటకి వెళ్లాం. పోర్ట్ లూయిస్‌కి దగ్గరే. అందరిలాగే ముందు కలువల కొలను దగ్గరికే పరుగెత్తాం. ఇవి అమెజాన్ కలువలు. ఒక్కో ఆకు అంచు పైకి మడిచిన పళ్లెంలా, మీటరు పైనే వెడల్పు. పువ్వు మొదటి సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది. దాని సొంత ఊళ్లో అయితే వాసనకి పెంకుపురుగులు లోపలికి దూరతాయి. పువ్వు వాటిని మూసేసి, మర్నాడు సాయంత్రం గులాబీ రంగులో తెరుచుకుని పుప్పొడి అంటించి పంపుతుంది. బోటనీ చదివిన ఉత్సాహంతో నేనిదంతా చెబితే అమ్మ "ఊ" అంది, అంతే.

మసాలా చెట్ల దగ్గర కొంచెం కదిలింది. గైడ్ ఆకు నలిపి ఇస్తుంటే, అతను చెప్పేలోపే లవంగం, దాల్చినచెక్క అనేసింది. జాజికాయ చెట్టు చూడడం మాత్రం ఇదే మొదలట. 1770 ప్రాంతంలో డచ్చివాళ్ల గుత్తాధిపత్యాన్ని తప్పించి జాజి, లవంగం మొక్కల్ని ఈ ద్వీపానికి తెప్పించినాయన పియేర్ ప్వావ్ర్. ఆయన ఇంటిపేరుకి ఫ్రెంచిలో మిరియం అనే అర్థం!

తర్వాత టాలిపాట్ తాళవృక్షం. ముప్పై నుంచి ఎనభై ఏళ్లలో ఎప్పుడో ఒక్కసారి, నడినెత్తిన లక్షల పూలు పూస్తుంది. కాయలు పండాక చెట్టు చచ్చిపోతుంది. "అమ్మా, మన శ్రీతాళం ఇదే" అన్నాను.

అమ్మ ఆగిపోయింది. "తాతయ్య వైద్యం పుస్తకం శ్రీతాళం మీదే రాసింది. తాటాకు పెళుసు, ఇది మెత్తన అనేవాడు. గంటంతో గీసి, పైన మసి పూసేవాళ్లట. ఆయన పోయాక చదివేవాళ్లు లేక గోదావరిలో కలిపేశారు."

ముప్పై అయిదేళ్లలో నేనీ సంగతి వినలేదు. "ఆ అబ్బాయికి కూడా చెప్పవే" అంది. నేను ఇంగ్లీషులో చెబితే గైడ్ ప్రశ్న మీద ప్రశ్న. ఎండలో అరగంట అక్కడే నిలబడ్డాం. కాళ్లనొప్పులని మూడు రోజులుగా మెట్లు దిగని మనిషి!

వెళ్లేవాళ్లకి ఒక మాట: గేటు దగ్గర గైడ్‌ని తీసుకోండి, మంచినీళ్లు, దోమల క్రీము మరిచిపోకండి. గింజలు మాత్రం ఏరకూడదు. అమ్మ కొంగున రెండు ముడేసుకుంటే బతిమాలి అక్కడే పెట్టించాను.

టికెట్ సంగతి ఇంకా తేలలేదు. ఆ రాత్రి మాత్రం పిన్నితో ఫోన్‌లో గంట మాట్లాడింది. "కలువాకే, మన పెళ్లి గుండిగ మూత కన్నా పెద్దది. కాదే, నేను కళ్లారా చూశాను!"