పొరుగు క్లబ్బులో మళ్ళీ పరీక్షా?

వెయ్యి గంటలు గ్లైడరు నడిపిన మనిషితో, "అయ్యా, ముందు మా శిక్షకుడితో కలిసి ఒకసారి ఎగిరి చూపించండి. ఆ తరువాతే మీరు ఒంటరిగా ఎగరవచ్చు" అంటే ఆయనకు కోపం రాదూ? వస్తుంది. అయినా గ్లైడరు క్లబ్బుల్లో ఈ ఆచారం గట్టిగా పాతుకుపోయింది. ఒక క్లబ్బు సభ్యులు పదిమంది తమ గ్లైడర్ల రెక్కలు విప్పి, పొడవాటి పెట్టెల్లాంటి ట్రైలర్లలో సర్ది, కార్ల వెనక తగిలించుకుని మరో క్లబ్బుకు బయలుదేరతారు. అక్కడ వారం రోజులు మకాం. మొదటిరోజు మాత్రం ఎంతటి ఉద్దండుడైనా విద్యార్థిలా కూర్చోవలసిందే. ఇది అవమానం అనేవాళ్ళున్నారు. ఇది చాలా సబబైన ఆచారమని నా అభిప్రాయం.

ఎందుకో తెలియాలంటే గ్లైడరు సంగతి కాస్త తెలియాలి. దానికి ఇంజను ఉండదు. తాడుతో లాగి పైకి పంపుతారు, లేదా మరో విమానం లాక్కుపోయి వదులుతుంది. ఆ క్షణంనుంచీ అది కిందికి జారుతూనే ఉంటుంది. నిశ్చలమైన గాలిలో ఒక కిలోమీటరు ఎత్తున వదిలితే, మంచి గ్లైడరు 40 కిలోమీటర్ల దూరం పోయి నేలను చేరుతుంది. మరి గంటల తరబడి ఆకాశంలో ఎలా ఉంటుంది? అది దిగే వేగంకన్నా ఎక్కువ వేగంతో పైకి లేచే గాలిని పైలట్ వెతికి పట్టుకుంటాడు. మండుటెండలో మీ ఊరి మీద గద్దలు రెక్కలు ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోవడం మీరు చూసే ఉంటారు. అవి చేసేదీ అదే పని.

చిక్కల్లా ఇక్కడే ఉంది. పైకి లేచే గాలి ఒక్కో ఊళ్ళో ఒక్కో రకంగా దొరుకుతుంది.

స్కాట్లండులో లెవెన్ అనే సరస్సు ఒడ్డున పోర్ట్‌మోక్ అనే గ్లైడరు మైదానం ఉంది. ఇంగ్లండులోని క్లబ్బులవాళ్ళు తరచుగా అక్కడికి వెళుతుంటారు. మైదానానికి చేరువలో రెండు కొండలున్నాయి. ఒకటి బిషప్ కొండ, రెండోది బెనార్టీ. పడమటి గాలి వీస్తే అది బిషప్ కొండకు కొట్టుకుని పైకి లేస్తుంది. అప్పుడు గ్లైడర్లు ఆ కొండ వెంబడి అటూ ఇటూ తిరుగుతూ ఎంతసేపైనా ఉండవచ్చు. ఉత్తరపు గాలి అయితే బెనార్టీ వాలు పనికివస్తుంది. గాలి దక్షిణంనుంచి వీచిందా, నిన్న పైకెత్తిన అదే బెనార్టీ వాలు మీద ఇవాళ గాలి సుడులు తిరుగుతూ కిందికి దూకుతుంది. కొండ మారలేదు, గ్లైడరు మారలేదు, గాలి దిక్కు మాత్రమే మారింది. బల్లపరుపు నేలమీద వేడిగాలిలో ఎగరడం నేర్చిన పైలట్‌కు ఇది చదివి తెలిసి ఉండవచ్చు. కాని గాలి ఏ మూల మలుపు తిరుగుతుందో, ఏ చెట్ల వరుస దాటాక గ్లైడరు కుదుపుతుందో అక్కడ రోజూ ఎగిరేవాడికే తెలుస్తుంది.

ఇంకొక సంగతి చూడండి. గ్లైడరులో ఎత్తు చూపించే పరికరం గాలి ఒత్తిడిని కొలుస్తుంది. చాలామంది బయలుదేరే ముందు మైదానం మీద దాని ముల్లును సున్నా దగ్గర పెడతారు. పోర్ట్‌మోక్ మైదానం సముద్రమట్టానికి సుమారు 110 మీటర్ల ఎత్తున ఉంది. బిషప్ కొండ శిఖరం సుమారు 460 మీటర్లు. ఇప్పుడు లెక్క వేయండి. ముల్లు 400 చూపిస్తున్నప్పుడు శిఖరం మీద ఉన్న పైలట్‌కు కింద ఎంత ఖాళీ ఉంది? యాభై మీటర్లే! సమతల ప్రాంతంనుంచి వచ్చినవాడికి 400 అంటే నిశ్చింతగా ఉండే అంకె. పరికరం అబద్ధం చెప్పలేదు. దాన్ని చదివే అలవాటు వేరే ఊరిది, అంతే.

"భౌతికశాస్త్రం అన్నిచోట్లా ఒకటే గదా! నియమాలూ ఒకటే గదా!" అని అడగవచ్చు. నిజమే. కొండవాలు వెంట రెండు గ్లైడర్లు ఎదురుపడితే, కొండ ఎడమపక్క ఉన్నవాడు కుడికి తప్పుకోవాలి. ఇది అతిథికీ తెలుసు. ఎందుకంటే కొండ కుడిపక్క ఉన్నవాడికి ఆ వైపు తప్పుకునే చోటే లేదు. కాని గాలి చల్లబడి లిఫ్టు పోయినప్పుడు దిగడానికి ఏ పొలం మంచిది? దూరంనుంచి పచ్చగా కనబడే ఏ పొలంలో గట్లున్నాయి? ఇవి ఏ నియమావళిలో దొరుకుతాయి? ఎంత గజ ఈతగాడైనా కొత్త ఊరి బావిలో దూకేముందు లోతెంతో అడగడూ!

అయితే అతిథుల ఫిర్యాదులో కొంత న్యాయం లేకపోలేదు. సెలవు దొరికేది వారం. అందులో రెండు రోజులు వానకు పోతాయి. మిగిలిన మంచి రోజున శిక్షకుడి కోసం మధ్యాహ్నందాకా వరుసలో నిలబడితే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఆ పరీక్షేదో గాలి మందంగా ఉండే పొద్దుటిపూటే ముగించడం క్లబ్బువాళ్ళ బాధ్యత. దర్పం చూపడానికి పరీక్ష పెట్టే శిక్షకుణ్ణి నేను సమర్థించను. అతిథి దగ్గర నేర్చుకోవలసింది తమకేమీ లేదనుకునే క్లబ్బు కూడా నష్టపోతుంది.

1922 అక్టోబరులో ఇంగ్లండులోని ఇట్‌ఫర్డ్ కొండ మీద గ్లైడర్ల పోటీ జరిగింది. వెయ్యి పౌన్ల బహుమతి. ఆ కొండ వెంట 3 గంటల 21 నిమిషాలు ఎగిరి దాన్ని గెలుచుకున్నవాడు ఫ్రాన్సునుంచి వచ్చిన మనేరోల్! ఇంటివాళ్ళు చూస్తూ ఉండిపోయారు.

ఇంతకన్నా చక్కని కథ మరొకటి ఉంది. నేడు పోలండులో ఉన్న ఒక కొండ ప్రాంతం అప్పట్లో జర్మనీలో ఉండేది. గాలి కొండ దాటి వీచినప్పుడు అక్కడి ఆకాశంలో ఒక మేఘం కదలకుండా నిలబడేది. చుట్టుపక్కల రైతులందరికీ అది తెలుసు. గోట్‌లీబ్ మోట్స్ అనే రైతు పేరుమీద, తమ యాసలో దాన్ని 'మోవజగోట్ల్' అని పిలిచేవాళ్ళు. వోల్ఫ్ హిర్త్ అనే పైలట్ ఆ ప్రాంతపు గ్లైడరు పాఠశాలకు పనిచేయడానికి వచ్చాడు. 1933 మార్చిలో కొండకు ఇవతల, అందరూ కిందికి తోసే గాలే ఉంటుందనుకునేచోట, ఆయన గ్లైడరు నున్నగా పైకి లేచింది. రాయి దాటిన ఏటినీరు అలలు అలలుగా ఎగిసిపడినట్టు, కొండ దాటిన గాలి కూడా అలలై ఎగిసిపడుతుందని అలా బయటపడింది. ఆ మేఘం అలకు గుర్తు. హిర్త్ తరువాత తన గ్లైడరుకు ఆ మేఘం పేరే పెట్టుకున్నాడు.

1937లో అక్కడ జరిగిన పోటీకి వచ్చిన గ్లైడర్లలో యోఆఖిమ్ క్యూట్నర్ అనే యువకుడు ఎత్తును నమోదు చేసే పరికరాలు పెట్టించాడు. తిరిగి వచ్చిన గీతలన్నీ ఒకచోట చేర్చి, కంటికి కనబడని ఆ అలకు పటం గీశాడు. పోటీకి వచ్చినవాళ్ళకు తాము శాస్త్ర పరిశోధన చేస్తున్నామన్న ధ్యాస ఎంత ఉందో గాని, పటం మాత్రం తయారయింది. యుద్ధం తరువాత క్యూట్నర్ అమెరికా వెళ్ళాడు. కాలిఫోర్నియాలో బిషప్ అనే ఊరుంది. మన స్కాట్లండు కొండకూ దీనికీ చుట్టరికం లేదు! సియెర్రా పర్వతాల వెనక గాలి అల లేస్తుందని అక్కడి పైలట్లకు అప్పటికే తెలుసు. 1951-52లో స్థానికులూ, కొత్తగా వచ్చిన శాస్త్రజ్ఞులూ కలిసి ఆ అలను కొలిచారు. ఆ కృషిలో భాగంగా 1952 మార్చి 19న లారీ ఎడ్గర్, హెరాల్డ్ క్లీఫోర్త్ అనే ఇద్దరు ఒక గ్లైడరులో 13,489 మీటర్ల ఎత్తుకు, అంటే ఎవరెస్టుకన్నా నాలుగున్నర కిలోమీటర్లు పైకి చేరారు. ఒక్క ఇంజను కూడా లేకుండా!