ఎల్ఫ్ చెవులూ యక్షిణి షరతూ

బల్ల చుట్టూ నలుగురైదుగురు చేరి, తలా ఒక పాత్రను ధరించి, గేమ్ మాస్టర్ అనే కథానిర్వాహకుడు కల్పించిన లోకంలో మాటలతోనే సంచరిస్తూ, ఫలితం తేలని చోట పాచికలు వేసి కథను ముందుకు నడిపే ఆటను టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో ఈ ఆటలకు ప్రచారం వచ్చింది. అందులో ఆటగాడు ఎంచుకోదగిన జాతుల్లో ఎల్ఫ్ ఒకటి. మొనదేలిన చెవులు, విలువిద్య, సుదీర్ఘమైన ఆయుష్షు దాని లక్షణాలుగా స్థిరపడ్డాయి. ఐస్‌లాండ్ పండితుడు స్నోర్రి స్టర్లుసన్ 13వ శతాబ్దంలో పేర్కొన్న అల్ఫులూ, స్కాట్లండ్ మతబోధకుడు రాబర్ట్ కిర్క్ 17వ శతాబ్ది చివర వర్ణించిన అదృశ్య జనమూ దీనికి పూర్వీకులే అయినా, యూరప్ పల్లెలు ఆ జనానికి భయపడింది వారి బాణాలను చూసి కాదు. వారి విందులో ఒక్క ముద్ద తిన్నవాడు ఇల్లు చేరలేడనీ, వారు ఇనుము ఎదుట నిలవలేరనీ, ఇచ్చిన మాట తప్పిన మనిషికి వారి చెలిమి దక్కదనీ నమ్మేవారు. ఆట ఆ షరతులను చాలావరకు పక్కకు నెట్టి అంకెలను ఉంచుకుంది. 1978 నాటి ‘రూన్‌క్వెస్ట్’ ఎల్ఫులను నడిచే వృక్షజాతిగా ఊహించి కొంత కొత్తదారి తొక్కింది గాని, అటువంటి సాహసాలు అరుదు.

తెలుగులో ఇటువంటి ఆట కట్టదలచినవారు ఎల్ఫ్ స్థానంలో యక్షుణ్ణి, మరొక జాతి స్థానంలో గంధర్వుణ్ణి కూర్చోబెట్టి పేర్లు మార్చినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. తెచ్చుకోవలసింది వేషం కాదు, షరతు. తన గొర్రెపిల్లలకు హాని కలగరాదనీ, పురూరవుడు తనకు దిగంబరంగా కనిపించరాదనీ ఊర్వశి పెట్టిన నియమాలు భంగమైనప్పుడే ఆమె అతణ్ణి విడిచి వెళ్లింది. పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపంతో హిమాలయం చేరి, మంచుకు ఆ లేపం కరిగిపోగా ఇంటిదారి లేక వరూధిని ఎదుట నిలబడ్డాడు. అతని రూపం ధరించి వచ్చిన గంధర్వుడు తన మాయ బయటపడకుండా ఆమె కళ్లు మూసుకోవాలని కోరాడు. కరిగిపోయే సాధనం, అరువు తెచ్చుకున్న రూపం, కళ్లు తెరవరాదన్న నిబంధన, ఈ మూడూ చాలు, అనుభవమున్న గేమ్ మాస్టర్ వాటితో ఎన్నో సాయంత్రాలు ఆట నడపగలడు.

ఆట నడిచే తీరుకు సైతం గోదావరి ఒడ్డునే ఒక నమూనా ఉంది. రాజమహేంద్రవరానికి చెందిన మధిర సుబ్బన్న దీక్షితులు 12 భాగాలుగా రచించిన ‘కాశీ మజిలీ కథలు’లో మణిసిద్ధుడు కాశీకి బయలుదేరగా, ప్రతి మజిలీలోనూ, అంటే దారిలో ఆగిన ప్రతిచోటా, కథ చెప్పాలన్న ఒప్పందం మీద ఒక పసులకాపరి అతనికి తోడుగా నడుస్తాడు. దారిలో కంటబడిన వింతను చూపి దాని వెనుక కథేమిటని కుర్రవాడు అడగడం, మణిసిద్ధుడు చెప్పడం ఆ గ్రంథపు నడక. ప్రయాణమూ, మజిలీ, ప్రశ్నా, జవాబూ కలిసిన ఈ నిర్మాణానికి పాచికలు చేరిస్తే దాదాపు రోల్‌ప్లేయింగ్ గేమే అవుతుంది. 1951 నాటి ‘పాతాళభైరవి’కి, 1961 నాటి ‘జగదేకవీరుని కథ’కు ఈ కథలే ప్రేరణగా చెబుతారు. రెండవ చిత్రంలో నాయకుని చేత చిక్కిన దేవకన్య, తన దివ్యవస్త్రం తిరిగి దక్కగానే ఎగిరిపోతుంది. సినిమా వారు ఇంత చక్కగా వాడుకున్న నిధిని ఆటలు కట్టేవారు తెరిచి చూడకపోవడం నిజంగా బాధాకరం.

కోనసీమలో ఇటువంటి ఆట ఎలా సాగగలదో ఊహించవచ్చు. కాలువగట్టు మీది కొబ్బరితోటను ఒక యక్షిణి కాపాడుతూ, ఏ చెట్టూ గెల తప్పకుండా చూస్తానని రైతుకు మాట ఇస్తుంది, అయితే తోటలోకి ఇనుము తేరాదంటుంది. బాలింత గదిలో పసిబిడ్డ పక్కన ఇనుపముక్క ఉంచే ఆచారం ఎరిగిన తెలుగువారికి ఆ షరతు వెంటనే అర్థమవుతుంది. కాని దింపు, అంటే చెట్టెక్కి కాయలు దించే పని, కత్తి లేకుండా సాగదు, ఒలుపుకు ఇనుప గునపం కావాలి. పంట ఇచ్చే మాటే పంటను కోయనివ్వదు. ఇక్కడ యక్షిణి ప్రాణబలం ఎంతో లెక్కగట్టి ఆమె మీదికి దూకిన ఆటగాడికి తోట దక్కదు. రాలిన కాయలు ఏరుకోవడమా, వెదురు కొడవలి చేయించడమా, షరతు సడలించమని ఆమెకు మరొకటేదైనా ఇవ్వజూపడమా అని జట్టు తర్కించుకోవాలి.

ఒక హద్దు మాత్రం తప్పదు. 1980లో వచ్చిన ‘డైటీస్ అండ్ డెమీగాడ్స్’ పుస్తకం భారతీయ దేవతలకు సైతం హిట్ పాయింట్లు, అంటే ఎన్ని దెబ్బలకు కూలతారో చెప్పే అంకెలు, కేటాయించింది. ఆషాఢంలో జాతర జరిగే పెద్దాపురం మరిడమ్మకో, తుని దగ్గర లోవలో కొలువైన తలుపులమ్మకో అటువంటి అంకె వేయడం తగదు, ఎందుకంటే వారు కథల్లోని పాత్రలు కారు, నేటికీ మొక్కులు అందుకుంటున్న తల్లులు. యక్షిణులూ, గంధర్వులూ, కాశీ మజిలీల రాజకుమారులూ ఆటకు కావలసినంత మంది ఉన్నారు.