రైలు డబ్బాలో ఉడికిన గుడ్లు ఇక వద్దు

మొన్న మే నెలలో నాన్న బరంపురం నుంచి బెంగళూరు వస్తూ రైల్లో పడ్డ అవస్థ మనవాళ్ళలో చాలామందికి తెలుసు. దారిలో దింపేసి, ఆసుపత్రిలో ఒక రాత్రీ ఒక పగలూ సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఫోన్ చేసి అడిగినవాళ్ళందరికీ "ఎండ దెబ్బ, ప్రయాణం పడలేదు" అనే చెప్పేం. అది కాదని నా అనుమానం. ఆ డబ్బాలో గుడ్లు ఉడకబెట్టింది నేనే కాబట్టి ఈ మాట రాయాల్సింది కూడా నేనే.

మామ్మ ఉన్నన్నాళ్ళూ మన ఇంట్లో దూర ప్రయాణమంటే పులిహోరతో పాటు ఒక స్టీలు డబ్బా నిండా ఒలిచిన గుడ్లు ఉండాల్సిందే. ముందురోజు రాత్రే ఉడకబెట్టి, బకెట్లో చల్లార్చి, పెంకు తీసి, ఉప్పూ పసుపూ మిరియాల పొడీ రాసి పెట్టేది. రైలు పలాస దాటగానే డబ్బా మూత తీస్తే వచ్చే ఆ వాసన నాకు ఇప్పటికీ బరంపురం వాసనే. అమ్మానాన్నల్ని బెంగళూరు తీసుకురావడానికి వెళ్ళినప్పుడు ఆ ముచ్చట కోసమే అచ్చం మామ్మలాగే చేశాను. రాత్రి 9 గంటలకి 10 గుడ్లు. పొద్దున్న స్టేషనుకి బయల్దేరే ముందు నేను రెండు తిన్నాను. అమ్మకి శనివారం, ముట్టుకోలేదు. నాన్న సాయంత్రం 4 గంటలకి, రాజమండ్రి దగ్గర, మూడు తిన్నారు. రాత్రి 8 అయ్యేసరికి వాంతులు మొదలయ్యాయి. పులిహోర ముగ్గురం తిన్నాం, నీళ్ళు ముగ్గురం ఒకే సీసాలోవి తాగేం.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. ఒకే డబ్బా, ఒకే చేతులు, మారింది గంటలు మాత్రమే: పొద్దున్న తిన్నవాడికి ఏమీ కాలేదు, సాయంత్రం తిన్నాయన పడిపోయారు. డాక్టరుగారు ఇదే కారణం అని తేల్చి చెప్పలేదు, చెప్పలేరు కూడా, ఎవరూ ఆ గుడ్డుని పరీక్షకి పంపలేదు కదా. అయినా నాకు వేరే కారణం కనపడటం లేదు.

మన పిన్నిగారు వెంటనే ఏమన్నారంటే, "మీ తాతగారి రోజుల నుంచీ అలాగే పట్టుకెళ్తున్నాం, ఎవరికేటయిందిరా?" నిజమే, ఏమీ కాలేదనే మనకి గుర్తు. కానీ మన ఇంట్లో ఎన్ని ప్రయాణాల తరవాత ఎవరో ఒకరు రెండు రోజులు మంచం పట్టలేదు? అప్పుడు మనం ఏమన్నాం? "నీళ్ళు మారేయి" అన్నాం. "దిష్టి తగిలింది" అన్నాం, ఎర్రనీళ్ళు తిప్పి పారబోశాం. మా ఆఫీసులో ఒక తప్పుకి తప్పుడు కారణం రాసి ఫైలు మూసేస్తే అది మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటుంది. మన రైలు గుడ్ల సంగతి అదే.

పెంకుతో ఉన్న పచ్చి గుడ్డుకి తన రక్షణ తనకుంది. పెంకు మీద కంటికి కనపడని పలచటి పొర ఉంటుంది, తెల్లసొనలో క్రిములని చంపే పదార్థాలుంటాయి. ఉడకబెట్టగానే ఆ రెండూ పోతాయి. అందుకే పచ్చి గుడ్డు కంటే ఉడికిన గుడ్డు తొందరగా పాడవుతుంది. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు, ఉడికింది కదా ఇంక భయం లేదని. దాని మీద వేడి గుడ్డుని నీళ్ళలో వేస్తే లోపల చల్లబడుతూ పెంకు రంధ్రాల గుండా కొంచెం నీటిని లోపలికి లాక్కుంటుంది. ఆ నీళ్ళు స్నానాల గది బకెట్లోవైతే ఏం లాక్కుంటుందో చెప్పక్కర్లేదు. నేను చల్లార్చింది అలాంటి బకెట్లోనే.

తరవాత చేతులు. మనుషుల చర్మం మీదా ముక్కులోనూ స్టెఫిలోకాకస్ అనే క్రిమి మామూలుగానే ఉంటుంది. ఒలిచిన గుడ్డు మీదకి చేరి, వెచ్చని డబ్బాలో గంటల తరబడి ఉంటే అది విషం తయారుచేస్తుంది. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు తెప్పిస్తుంది. సాల్మొనెల్లా అయితే బయటపడటానికి ఆరు గంటల నుంచి ఆరు రోజుల దాకా పడుతుంది. నాన్నకి నాలుగు గంటల్లో వచ్చింది. అంటే కోడి తప్పు కంటే నా చేతుల తప్పే ఎక్కువ అయ్యుండాలి. ఇంకో మాట, ఈ స్టెఫిలోకాకస్ ఉప్పుకి బెదరదు. మామ్మ రాసిన ఉప్పూ పసుపూ రుచికే గానీ కాపలాకి కాదు.

అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క ఇది: ఉడికిన గుడ్డు 2 గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి, బయట వేడి 32 డిగ్రీలు దాటితే 1 గంటలోపే. ఫ్రిజ్‌లో పెట్టాక వారంలో తినేయాలి. గంజాం జిల్లాలో మే నెల రాత్రి కూడా ఆ ఒక్క గంట లెక్కకి దగ్గరగానే ఉంటుంది. నా గుడ్లు 19 గంటలు బయట ఉన్నాయి.

ఇంత చెప్పాక దుకాణం గుడ్డు మీద నింద వేస్తే అన్యాయం. అయినా మన ఇంట్లో దుకాణం గుడ్డుకి పెట్టే పరీక్షల మీద నాకు కొన్ని అభ్యంతరాలున్నాయి.

1936 ఏప్రిల్ 1న మద్రాసు నుంచి విడిపోయి గంజాం ఒడిశాలో కలిసింది గానీ గుడ్లు మాత్రం సరిహద్దు దాటి వస్తూనే ఉన్నాయి. చాలాకాలం ఒడిశా గుడ్లకి ఆంధ్ర ఫారాలే ఆధారం. గోదావరి జిల్లాల నుంచి లారీలు ఇచ్ఛాపురం, గిరిసోల దాటి వచ్చేవి. తరవాత ఇక్కడా ఫారాలు వచ్చాయి. కాబట్టి పెద్దబజారు దుకాణంలో ట్రేలో కనపడే గుడ్డు నిన్నటిదా పది రోజులదా అన్నది చూసి చెప్పలేం. కార్తీకంలో మరీను. ఒడియా వాళ్ళకి కుమార పున్నమి దాటగానే కార్తీకం, మనకి దీపావళి తరవాత. వాళ్ళు కార్తీక పున్నమి మర్నాడు ఛాడఖాయి చేసుకుని చేపలూ మాంసం వండుకుంటుంటే మనకింకా పదిహేను రోజులు మిగిలుంటాయి. మామ్మ ఆ వాసనలకి వీధి తలుపు వేసేసేది పాపం. ఆ రోజుల్లో గుడ్ల అమ్మకం తగ్గుతుంది కాబట్టి లారీ ఎప్పుడొచ్చిందో అడిగి కొనండి. అడగడం నామోషీ కాదు.

నీళ్ళలో వేస్తే మునిగింది, కాబట్టి మంచి గుడ్డు, అంటారు. ఆ పరీక్ష అబద్ధం చెప్పదు, మనం అడిగిన ప్రశ్న వేరు. గుడ్డు పాతబడే కొద్దీ తేమ బయటికి పోయి లోపల గాలి గది పెద్దదవుతుంది, అందుకే తేలుతుంది. అంటే అది వయసు చెప్తుంది. క్రిమి ఉందో లేదో చెప్పదు. ఈరోజు పెట్టిన గుడ్డులో కూడా సాల్మొనెల్లా ఉండొచ్చు, అది నిక్షేపంగా మునుగుతుంది.

కొనగానే కడిగి బుట్టలో పెట్టడం మామ్మ అలవాటు. అమెరికాలో కూడా కడుగుతారు, కానీ కడిగాక దుకాణం దాకా చల్లగానే ఉంచుతారు. యూరప్‌లో చాలాచోట్ల కడగరు, ఆ పై పొరని ఉండనిస్తారు. కడిగేసి వంటింటి వేడిలో పెడితే మాత్రం రెండు విధాలా చెడ్డాం. రెట్ట అంటుకున్న గుడ్డుని కొనకండి. కొంటే పొడి గుడ్డతో తుడిచి ఫ్రిజ్‌లో పెట్టి, వండే ముందు కడగండి. చిట్లిన గుడ్లు చవగ్గా ఇస్తామంటారు, ఆ చవక మనకొద్దు. ఉడుకుతుండగా చిట్లితే మాత్రం పరవాలేదు.

ప్లాస్టిక్ గుడ్ల సంగతి కూడా తేల్చేద్దాం. 2017లో కలకత్తాలో పుట్టిన గోల ఇది, మన కుటుంబం వాట్సాప్‌లో ఇంకా చావలేదు. అలాంటి గుడ్డు తయారుచేసే విద్యే లేదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అప్పుడే చెప్పింది. పెంకు లోపల కాగితంలా ఊడొచ్చేది ఎండిన పొర. లేని ప్లాస్టిక్‌కి భయపడి, ఉన్న బకెట్ నీళ్ళకి భయపడం మనం.

ఇక ఉడకబెట్టడం. మామ్మ గుడ్లని అన్నం ఎసట్లోనే వేసేది, గ్యాసు కలిసొస్తుందని. పెంకు శుభ్రంగా కడిగితే ఆరోగ్యానికి ఇబ్బందేమీ లేదు. అన్నం దిగేదాకా ఉండటంతో పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం వచ్చేది. అది తెల్లసొనలో గంధకం, పచ్చసొనలో ఇనుము కలిసిన రంగు, విషం కాదు. నేను ముందు నీళ్ళు మరిగించి, గరిటెతో గుడ్లు మెల్లగా దించి, సన్న మంట మీద 12 నిమిషాలు ఉంచుతాను. మరిగే నీళ్ళలో వేసిన గుడ్డుకి పెంకు సులువుగా వస్తుంది. మరీ తాజా గుడ్డు ఒలవడం కష్టం. ఇంట్లో "గుడ్డు", బరంపురం వీధిలో "అండా", నా కన్నడ బడిలో "మొట్టె". ఏ భాషలో తిట్టినా తాజా గుడ్డు తెల్లసొన పెంకుతోనే పోతుంది. వారం పాత గుడ్డు చక్కగా ఒలుస్తుంది. చల్లార్చేది మాత్రం తాగే నీళ్ళలోనే. పచ్చసొన కూడా గట్టిపడాలి, ముఖ్యంగా పిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్ళకీ, నాన్న వయసు వాళ్ళకీ.

ఎండాకాలం పఖాళ గిన్నె పక్కన అప్పుడే ఒలిచిన గుడ్డు, పచ్చిమిరపకాయ, ఆవనూనె చుక్క ఉంటే నాకింకేమీ అక్కర్లేదు. మామ్మ గుడ్ల పులుసు కూడా ఎక్కడికీ పోదు. పోవాల్సింది ఆ రైలు డబ్బా ఒక్కటే. దాన్ని తీసేస్తే మామ్మని తీసేసినట్టని అత్త బాధపడుతోంది. మామ్మ ఆ డబ్బా కట్టింది కొడుకు రైల్లో ఆకలితో ఉండకూడదని, ఈసారి ఆ కొడుకే సెలైన్ సీసా కింద పడుకున్నాడు.

దసరాకి మళ్ళీ బరంపురం వస్తున్నాం. తిరుగు ప్రయాణంలో పొద్దున్న 5 గంటలకి లేచి గుడ్లు ఉడకబెడతాను, ఉప్పూ పసుపూ మిరియాలూ అన్నీ రాస్తాను. అందరం వంటింట్లోనే కూచుని తినేసి స్టేషనుకి వెళ్దాం. డబ్బాలో ఈసారి వేపిన అటుకులు.