“మీరు నా రాజు కాదు”: ఒక కేక వెనుక 1788 నాటి బాకీ

2024 అక్టోబరు 21. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని పార్లమెంటు భవనం. రాజు మూడో చార్లెస్ ప్రసంగం ముగించి తన చోటుకి వెళ్లారు. అంతలో హాల్లో ఒక్కసారిగా కేకలు. పాసమ్ అనే జంతువు తోలుతో కుట్టిన సంప్రదాయ దుప్పటి కప్పుకున్న సెనేటర్ లిడియా థోర్ప్, “ఇది మీ నేల కాదు, మీరు నా రాజు కాదు” అంటూ ముందుకు నడిచారు. తమ జనాన్ని ఊచకోత కోశారని, తమ నేల తమకిచ్చేయాలని, ఒడంబడిక కావాలని అరుస్తుండగానే భద్రతా సిబ్బంది ఆమెను బయటికి తీసుకెళ్లారు.

ఆ తర్వాత చర్చంతా ఆమె మర్యాద చుట్టూనే తిరిగింది. అతిథి ముందు అలా మాట్లాడొచ్చా, సెనేటర్‌గా ప్రమాణం చేసిన మనిషి రాజును కాదనొచ్చా అని. నవంబరులో సెనేట్ 46-12 ఓట్లతో ఆమెను ఖండిస్తూ తీర్మానం కూడా చేసింది. ఆదిమవాసుల్లోనే కొందరు పెద్దలకు ఆ తీరు నచ్చలేదు. అదంతా సరే. ఆమె నోటి నుంచి వచ్చిన “ఒడంబడిక” అనే మాటను మాత్రం చాలామంది వినీ విననట్టు వదిలేశారు. అసలు గొడవంతా ఆ మాటలోనే ఉంది.

మన దగ్గర చార్లెస్ అంటే బ్రిటన్ రాజు. ఆస్ట్రేలియా చట్టం ప్రకారం ఆయన ఆ దేశానికి కూడా రాజే. 1999లో రాచరికం వద్దా అని రిఫరెండం పెడితే దాదాపు 55 శాతం మంది మార్పు వద్దన్నారు. ఇప్పుడైనా ఆ విషయం ఆస్ట్రేలియా ప్రజలే తేల్చుకోవాలని రాజు పర్యటనకు ముందే చెప్పారు. ఐదు డాలర్ల నోటు మీద ఆయన బొమ్మ వేయబోమని అక్కడి రిజర్వ్ బ్యాంకు 2023లోనే ప్రకటించింది. నాణేల మీద మాత్రం ఆయన ముఖమే. ఇప్పటికి పరిస్థితి ఇంతే, సగం ఉన్నట్టు, సగం లేనట్టు.

ఆదిమవాసుల ప్రశ్న మాత్రం రాజు ఉండాలా వద్దా అన్నది కాదు. ఈ రాజ్యం మా నేల మీదికి ఏ హక్కుతో వచ్చింది అన్నది. దానికి జవాబు వెతకాలంటే మూడో జార్జి కాలానికి వెళ్లాలి.

1768లో కెప్టెన్ జేమ్స్ కుక్ చేతికి ఇచ్చిన ఆదేశాల్లో, మనుషులుంటే వాళ్ల సమ్మతితోనే రాజు పేరిట స్థలాలు స్వాధీనం చేసుకోవాలని ఉంది. కుక్ 1770లో తూర్పు తీరమంతా చూశాడు. మనుషులు కనిపించారు, ఒకచోట అతని నావికులు వాళ్ల మీద కాల్పులు కూడా జరిపారు. అయినా ఆగస్టు 22న ఒక చిన్న దీవి మీద జెండా ఎగరేసి, ఆ తీరం మొత్తం రాజుదేనని ప్రకటించాడు. ఎవరి సమ్మతీ అడగలేదు.

అమెరికా చేజారాక ఖైదీలను ఎక్కడికి తోలాలో లండన్‌కు తెలియలేదు. 1785లో పార్లమెంటు కమిటీ, కుక్‌తో పాటు వెళ్లిన జోసెఫ్ బ్యాంక్స్‌ను పిలిచి, అక్కడి నేలను కొనుక్కోవచ్చా అని అడిగింది. వాళ్లు పుచ్చుకునే వస్తువేదీ మన దగ్గర లేదు, తిండి సామాను తప్ప, అది మనకే కావాలి అన్నది ఆయన జవాబు సారాంశం. కొనడం కుదరదు కాబట్టి ఊరికే తీసుకోవచ్చు అన్నట్టుగా వ్యవహారం సాగిపోయింది! 11 ఓడల్లో, 700 మందికి పైగా ఖైదీలతో గవర్నర్ ఆర్థర్ ఫిలిప్ 1788 జనవరి 26న సిడ్నీ కోవ్‌లో దిగాడు. స్థానికులతో మంచిగా ఉండమని ఆదేశాలున్నాయి. ఒప్పందం చేసుకోమని మాత్రం లేదు.

ఇక్కడ మన తెలుగు నేలకు సంబంధించిన ఒక లెక్క ఉంది. అదే 1788లో, అదే మూడో జార్జి ఏలుబడిలో, ఈస్టిండియా కంపెనీ గుంటూరు సర్కారును హైదరాబాద్ నిజాం నుంచి తీసుకుంది. 1766 నాటి ఒడంబడికను చూపించి, దూతను పంపి, ఒత్తిడి తెచ్చి మరీ తీసుకుంది. అందులో జబర్దస్తీ లేదని ఎవరూ అనరు. అయినా అవతల ఒక పాలకుడున్నాడని, నేల అతనిదని ఒప్పుకున్న కాగితం ఒకటి ఉంది. సిడ్నీలో ఆ కాగితం కూడా లేదు. పొలం గట్లు, కోటలు, దస్తావేజులు కనిపించని చోట యజమానులే లేరనుకున్నారు.

మాట కలపడానికి ఫిలిప్ ఎంచుకున్న దారి మనుషులను ఎత్తుకురావడం. 1788 చివర్లో అరబానూ అనే అతన్ని పట్టి బంధించారు. కొద్ది నెలలకే మశూచి వచ్చి హార్బరు చుట్టూ శవాలు తేలాయి, అరబానూ కూడా అందులోనే పోయాడు. తర్వాత బెన్నెలాంగ్‌ను పట్టుకొచ్చారు. ఇంకో పక్క పెముల్‌వుయ్ అనే యోధుడు ఏళ్ల తరబడి వలస వచ్చినవారి పొలాల మీద దాడులు చేస్తూ పోరాడాడు. 1802లో అతన్ని చంపి, తల కోసి ఇంగ్లండుకు పంపారు. ఆ తల ఎక్కడుందో ఇప్పటికీ తేలలేదు. రాజు నుంచి తిరిగి రావాలని ఆదిమవాసులు అడిగేవాటిలో పూర్వీకుల అవశేషాలు కూడా ఉండటం అందుకే.

వేరే దారి లేకపోయిందా అంటే, ఉండేది. బ్రిటిషువారు రాకముందే ఇండోనేషియాలోని మకస్సర్ నుంచి ముస్లిం నావికులు ఏటా ఉత్తర తీరానికి వచ్చేవారు. సముద్ర దోసకాయ అనే జీవిని పట్టి, ఉడికించి, ఎండబెట్టి చైనా వ్యాపారులకు అమ్మేవారు. 1803లో మాథ్యూ ఫ్లిండర్స్ అనే బ్రిటిష్ నావికుడికి పొబాసూ అనే మకస్సర్ నాయకుడు ఎదురై, ఇరవై ఏళ్లలో ఆరేడుసార్లు వచ్చానని చెప్పాడు. వాళ్ల మధ్య కొట్లాటలు జరగలేదని కాదు. అయితే వాళ్లు బియ్యం, బట్ట, ఇనుప సామాను ఇచ్చి పని చేసుకుని, గాలి మారాక వెనక్కి వెళ్లిపోయేవారు, జెండా పాతలేదు. యోల్ఙు ప్రజల భాషలో డబ్బును నేటికీ “రుపియా” అంటారు. మన రూపాయికి దగ్గరి చుట్టం, ఆ ఓడల్లోనే అక్కడికి చేరింది.

1835లో జాన్ బ్యాట్‌మన్ అనే వ్యక్తి నేటి మెల్‌బోర్న్ ప్రాంతంలో కులిన్ పెద్దలతో ఒక కాగితం రాయించుకున్నాడు. దుప్పట్లు, కత్తులు, గొడ్డళ్లు, అద్దాలు, పిండి ఇచ్చి సుమారు ఆరు లక్షల ఎకరాలు తనదన్నాడు. అది న్యాయమైన బేరమేమీ కాదు. కానీ గవర్నర్ బోర్క్ దాన్ని రద్దు చేసింది ఆదిమవాసులు మోసపోయారని కాదు. ఆ నేల అప్పటికే రాజుది, దాన్ని ఇచ్చే హక్కు కులిన్ వాళ్లకు లేదు అని. ఐదేళ్లకే పక్కనున్న న్యూజిలాండ్‌లో మావోరీలతో అదే రాజ్యం వైతాంగి ఒడంబడిక చేసుకుంది.

“ఎవరికీ చెందని నేల” అన్న వాదనను ఆస్ట్రేలియా హైకోర్టు 1992లో మాబో కేసులో కొట్టేసింది. కేసు వేసిన ఎడ్డీ మాబో తీర్పు రావడానికి కొన్ని నెలల ముందే కన్నుమూశాడు. అయితే రాజ్యం సార్వభౌమత్వాన్ని కోర్టు ముట్టుకోలేదు. 2023 అక్టోబరులో, పార్లమెంటుకు సలహా ఇచ్చే ఆదిమవాసుల సంఘాన్ని రాజ్యాంగంలో పెట్టాలన్న ప్రతిపాదనకు దాదాపు 60 శాతం మంది, ఆరు రాష్ట్రాలూ ‘నో’ చెప్పాయి.

మరి చార్లెస్ ఏం చేయగలరు? మంత్రుల సలహా లేకుండా క్షమాపణ కూడా చెప్పలేరు. 2023లో కెన్యాలో వలస పాలన అత్యాచారాల మీద తీవ్ర విచారం వ్యక్తం చేశారు తప్ప క్షమాపణ చెప్పలేదు. అంటే, నేల తీసుకున్నప్పుడు అంతా రాజు పేరు మీదే. లెక్క అడిగితే మాత్రం రాజుకు అధికారం లేదు, మంత్రులను అడగండి. మంత్రులను అడిగితే అది పాత చరిత్ర. ఈ తలుపు నుంచి ఆ తలుపుకు తిప్పడాన్నే థోర్ప్ కేక బయటపెట్టింది. ఆమె పద్ధతి నచ్చనివారు కూడా ఈ మాటకు జవాబు చెప్పాల్సిందే.

జవాబు మొదట వచ్చింది బోర్క్ నాడు కాదన్న చోటి నుంచే. విక్టోరియా రాష్ట్ర పార్లమెంటు 2025 అక్టోబరు చివర్లో దేశంలోనే మొదటి ఒడంబడిక చట్టాన్ని ఆమోదించింది. నవంబరులో గవర్నర్ సంతకం చేశారు, అదీ రాజు పేరిటే. తాము అధికారంలోకి వస్తే రద్దు చేస్తామని ప్రతిపక్ష కూటమి అంటోంది. అక్కడ ఎన్నికలు 2026 నవంబరులో. బ్యాట్‌మన్ కాగితంలోని నేల మీదే మెల్‌బోర్న్ పడమటి శివార్లు ఉన్నాయి. తార్నీట్, పాయింట్ కుక్ లాంటి ఆ చోట్ల తెలుగు కుటుంబాలు చాలానే ఇళ్లు కొనుక్కున్నాయి. పౌరసత్వం తీసుకునేటప్పుడు వారు చేసే ప్రమాణంలో 1994 నుంచి రాజు ప్రస్తావన లేదు. ఆస్ట్రేలియాకు, దాని ప్రజలకు విధేయులమనే అంటారు. ఓటు కూడా వారికి ఐచ్ఛికం కాదు, అక్కడ తప్పనిసరి.