రిపోర్టు వచ్చేలోపు

ప్రోస్టేట్ బయాప్సీ చేసి ఇంటికి పంపేటప్పుడు యాంటీబయాటిక్ మాత్రలు ఎన్ని పూటలు వేసుకోవాలో చెబుతారు. మూత్రంలో కాస్త రక్తం కనిపిస్తే కంగారు పడొద్దంటారు. ఫలితం ఏ రోజు వస్తుందో, దాన్ని ఎవరు చెబుతారో మాత్రం చాలాచోట్ల చెప్పరు. ‘రాగానే ఫోన్ చేస్తాం’ అని మనిషిని పంపేయడమంటే వైద్యాన్ని సగంలో వదిలేయడమే.

సూదితో తీసిన పన్నెండు సన్నని ముక్కలను ఫార్మాలిన్‌లో ఉంచి, మైనంలో బిగించి, పలచని పొరలుగా కోసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూడాలి. అనుమానం తీరకపోతే మరో రకం పరీక్ష చేస్తారు. దానికి ఇంకొన్ని రోజులు పడతాయి. ఇంట్లోవాళ్లకు ఇదంతా తెలియదు. ఆలస్యమైందంటే చెడువార్తేనని గుండెలు చిక్కబట్టుకుంటారు. ఈ నాలుగు ముక్కలూ సూది గుచ్చిన రోజే చెప్పి, డాక్టరును కలిసే తేదీ కాగితం మీద రాసిస్తే పైసా ఖర్చు లేకుండా ఎన్ని రాత్రుల నిద్ర మిగులుతుందో!

అసలు భయం రక్తపరీక్షతోనే మొదలవుతుంది. ప్రోస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి వచ్చే పీఎస్ఏ అనే ప్రోటీన్ 4 దాటగానే ల్యాబువాళ్లు ఆ అంకెను లావు అక్షరాల్లో అచ్చేసి వాట్సాప్‌లో పంపేస్తారు. వయసుతో పాటు గ్రంథి ఉబ్బినా, ఇన్ఫెక్షన్ వచ్చినా ఆ అంకె పెరుగుతుంది. 4కూ 10కీ మధ్య ఉన్నవారికి బయాప్సీ చేస్తే క్యాన్సర్ బయటపడేది సుమారు నలుగురిలో ఒకరికే. రిపోర్టును ఆలస్యం లేకుండా రోగికి అందుబాటులో ఉంచాలంటూ అమెరికాలో 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధన వల్ల అక్కడి మనవాళ్లు డాక్టరు కంటే ముందే రిపోర్టు ఫోన్‌లో చదువుతున్నారు. తన రిపోర్టు చూసుకునే హక్కు రోగికి ఉండాల్సిందే. చదివాక అడగడానికి ఒక మనిషి కూడా ఉండాలి.

ఒకవేళ క్యాన్సరే అని తేలినా పరుగులు పెట్టాల్సిన అవసరం అందరికీ ఉండదు. బ్రిటన్‌లో గ్రంథి దాటని తొలిదశ క్యాన్సర్ ఉన్న 1,643 మందిలో కొందరికి ఆపరేషన్, కొందరికి రేడియేషన్ చేశారు, మిగిలినవారిని క్రమం తప్పకుండా పరీక్షిస్తూ వచ్చారు. 15 ఏళ్ల తర్వాత, 2023లో వెలువడిన ఫలితాల ప్రకారం ఈ జబ్బుతో చనిపోయినవారు మూడు వర్గాల్లోనూ 3 శాతానికి అటూఇటూనే. ముదిరాక, ఎముకల నొప్పులతో వచ్చేవారికి ఈ లెక్క వర్తించదు. మన దగ్గర అలా వచ్చేవారు తక్కువేమీ కాదు.

ఆ రావడం ఆలస్యం కావడానికీ, ఎదురుచూపు అంతగా నలిపేయడానికీ ఒకటే కారణం: మొహమాటం. షుగరు, బీపీల గురించి నలుగురిలో మాట్లాడే మగవాళ్లు మూత్రం పట్టు తప్పుతుందేమో, దాంపత్యం ఏమవుతుందో అన్న దిగులును భార్యతో కూడా చెప్పుకోరు. రాత్రి మూడోసారి బాత్రూముకు లేచినవాడు తిరిగి పడుకోడు, అలా కూర్చునే ఉంటాడు. ఇటు పిల్లలేమో ‘నాన్నకు చెప్పకండి’ అని డాక్టరుకు సైగ చేస్తారు. ప్రేమతోనే చేస్తారు, కాదనను. కానీ తన చుట్టూ గుసగుసలు వినబడుతుంటే ఆయన ఊహించుకునేది ఉన్నదానికంటే ఘోరంగా ఉంటుంది. ఫలితం వినడానికి ఆయన్నే ముందు కుర్చీలో కూర్చోబెట్టండి. అమ్మను పక్కన ఉండనివ్వండి. అడగాల్సినవి ముందురోజే ఆయన చేతే రాయించండి.