ఇంటి తాళం చూసి రిపోర్టు రాయకండి

మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల ఎస్పీలకు,

2022 సెప్టెంబరు 28 నుంచి, విదేశాల్లో పనికి పోయేవారిని అడిగే పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రాల్లోనూ దరఖాస్తు చేసుకోవచ్చు. మంచి పనే. చిక్కంతా ఆ తర్వాత పోలీసులు ఇంటికొచ్చి చేసే విచారణ దగ్గర.

పాస్‌పోర్టులో ఉండేది ఊరి చిరునామా. గల్ఫ్ పోవాలనుకునే పాలమూరు మనిషేమో పుణెలోనో హైదరాబాద్‌లోనో మేస్త్రీ కింద పనిలో ఉంటాడు. కానిస్టేబుల్ వచ్చేసరికి ఇంటికి తాళం. ‘చిరునామాలో లేడు’ అని రాసేస్తే, ఏ కేసూ లేనివాడి ఫైలు ఆగిపోతుంది. వీసా గడువు దాటిపోతుంది. ఏజెంటుకు కట్టేందుకు తెచ్చిన అప్పు మీద వడ్డీ మాత్రం ఆగదు. కేసుందో లేదో ఠాణా రికార్డు చెప్పాలి గానీ తాళం చెప్పదు కదా!

‘చిరునామాలో లేడు’ అని రాసేముందు దరఖాస్తులోని నంబరుకు ఫోన్ చేయించండి. ఊరికి రావడానికి వారం గడువివ్వండి. ఫైలు ఆగితే ఎందుకాగిందో తెలుగులో మెసేజ్ పంపండి. ఈ మేరకు అన్ని ఠాణాలకూ రాతపూర్వకంగా ఆదేశాలివ్వండి.

ఇట్లు,
పాలమూరు పౌరుడు